వెనక్కి తగ్గే మాటలు: చైనీస్‌లో సైన్య ఉపసంహరణ, పలాయనం, సైనిక విరమణ పదజాలాన్ని ఎలా నేర్చుకోవాలి

చైనీస్ వార్తాపత్రికలో ఒకే పుట మీద నాలుగు వార్తలు ఉన్నాయనుకోండి. సరిహద్దు నుంచి సైన్యం వెనుదిరిగింది. పేరున్న క్రీడాకారుడు ఆట నుంచి తప్పుకున్నాడు. పల్లెటూరి యువకుడు రెండేళ్ల సైనిక సేవ ముగించుకొని ఇంటికి చేరాడు. నదిలో వరద తీసింది. తెలుగులో ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు క్రియలు వాడతాం. చైనీస్‌లో నాలుగు వార్తల్లోనూ ఒకే అక్షరం కనబడుతుంది. నిఘంటువు తెరిస్తే దానికి ఎదురుగా 'వెనుకకు పోవు' అని ఒక్క అర్థమే ముందుగా కనిపిస్తుంది. ఆ ఒక్క అర్థాన్ని పట్టుకొని ముందుకు సాగిన విద్యార్థి గౌరవంగా సేవ ముగించిన సైనికుణ్ణి పారిపోయినవాడిగా చిత్రించే ప్రమాదం ఉంది.

అందువల్ల ఈ పదజాలాన్ని జాబితాగా బట్టీ పట్టవద్దని నా సలహా. ప్రతి మాట ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. వెనక్కి వెళ్తున్నది ఎవరు? ఆ నిర్ణయం ఎవరిది? అందులో గౌరవం ఉందా, అవమానం ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే సరైన తెలుగు మాట దానంతట అదే నోటికి వస్తుంది, ఎందుకంటే ఉపసంహరణ, విరమణ, వెన్ను చూపడం, మడమ తిప్పడం, కాలికి బుద్ధి చెప్పడం అంటూ ఈ తేడాలన్నిటినీ మన భాష ఏనాడో గుర్తించి పేర్లు పెట్టుకుంది.

మొదటి మెట్టు: ఊపిరిని సరిచేసుకోండి

ఈ పదజాలానికి మూలమైన మాట 'థ్వేయ్'. ప్రామాణిక చైనీస్ భాష అయిన మాండరిన్‌లో త, ద ల మధ్య మనకున్నటువంటి భేదం లేదు. అక్కడ అర్థాన్ని మార్చేది హల్లుతో పాటు బయటికి వచ్చే ఊపిరి. మన వర్ణమాలలో అల్పప్రాణాలు, మహాప్రాణాలు విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఈ భేదాన్ని రాసుకోవడానికి తెలుగు లిపి చక్కగా పనికొస్తుంది. అయితే 'కథ'ను 'కధ' అని రాసేవారు మనలో ఎందరో ఉన్నారు, పలికేటప్పుడు థకారాన్ని తకారంగా తేల్చేసేవారు ఇంకా ఎక్కువ. ఆ అలవాటు ఇక్కడ నేరుగా నష్టం చేస్తుంది. 'థ్వేయ్-వూ' అంటే సైన్యాన్ని విడిచి రావడం. ఊపిరి వదలకుండా 'త్వేయ్-వు' అంటే సైనిక పంక్తి, దళం. రెండింటిలోనూ రెండో అక్షరం ఒక్కటే, మొదటి అక్షరం స్వరం, అంటే గొంతు పైకి లేచే, కిందికి దిగే తీరు, కూడా ఒక్కటే. దళాన్ని విడిచినవాడికీ దళానికీ మధ్య ఉన్న ముఖ్యమైన తేడా ఆ ఊపిరే.

దీనికి చేయవలసిన సాధన సులభం. పలుచని కాగితం ముక్కను పెదవులకు నాలుగు వేళ్ల దూరంలో వేలాడదీసి పట్టుకోండి. 'థ్వేయ్' అన్నప్పుడు కాగితం ఎగరాలి, 'త్వేయ్' అన్నప్పుడు కదలకూడదు. రోజుకు ఐదు నిమిషాలు, ఒక వారం పాటు ఈ పని చేయండి.

ఈ వ్యాసంలో అల్పప్రాణం ఉన్నచోట ఊపిరి వదలకుండా, మహాప్రాణం ఉన్నచోట ఊపిరి వదిలి పలకండి. శ, ష లను వేర్వేరుగానే పలకాలి, ఎందుకంటే మాండరిన్‌లో అవి వేర్వేరు ధ్వనులు. మన 'చాప', 'చలి' మాటల్లో వినబడే దంత్య చకారాన్ని ౘ అని రాశాను. 'ఛె' అని రాసినచోట అచ్చును ఎకారంగా కాక, పెదవులను గుండ్రం చేయకుండా ఒకారం పలకబోయినట్టుగా పలకాలి. దీనికి తెలుగులో సరిసమానమైన అచ్చు లేదు.

స్వరాల విషయంలో ఇప్పటికి మూడు గుర్తుంచుకుంటే చాలు. 'థ్వేయ్', 'ఛె' రెండూ నాలుగో స్వరంలో ఉంటాయి, అంటే విసుగ్గా "చాలు!" అన్నప్పటిలా పైనుంచి కిందికి తెగిపడతాయి. పారిపోవడం అనే అర్థమున్న 'థావ్' రెండో స్వరంలో, "ఏమిటీ?" అని అడిగినట్టుగా పైకి లేస్తుంది. 'థ్వేయ్-వూ'లోని 'వూ' మూడో స్వరంలో కిందికి దిగి నిలుస్తుంది.

రెండవ మెట్టు: 'తగ్గు' అనే క్రియతో మొదలుపెట్టండి

'థ్వేయ్'కు తెలుగులో అన్నిటికంటే దగ్గరగా వచ్చే మాట 'తగ్గు'. ఇది నిఘంటువుల్లో ముందుగా కనిపించదు గాని, వాడుకలో పెట్టి చూస్తే ఎంత చక్కగా సరిపోతుందో మీకే తెలుస్తుంది. జ్వరం తగ్గడం 'థ్వేయ్-షావ్'. సముద్రపు పోటు తగ్గడం 'థ్వేయ్-ఛావ్'. వెనక్కి తగ్గడం 'హౌ-థ్వేయ్'. చదువులో మునుపటికంటే వెనకబడడం 'థ్వేయ్-పూ', అంటే అక్షరాలా అడుగు తగ్గడం. తగ్గడానికి ఎదురుమాట ముందుకు సాగడం, దాని పేరు 'చిన్'. ఈ రెండూ కలిసిన 'చిన్ థ్వేయ్ ల్యాంగ్ నాన్' అనే నాలుగక్షరాల నుడికారానికి ముందుకు పోవడమూ కష్టమే, వెనక్కి పోవడమూ కష్టమే అని అర్థం. 'ముందు నుయ్యి, వెనుక గొయ్యి' అని మీ పుస్తకంలో రాసుకోండి, మరో వివరణ అక్కరలేదు.

ఒక్క చోట మాత్రం 'తగ్గు' మనకు సాయపడదు. కొన్న వస్తువును తిరిగి ఇచ్చేయడం 'థ్వేయ్-హ్వో', టికెట్టు రద్దు చేసుకొని డబ్బు వెనక్కి తీసుకోవడం 'థ్వేయ్-ఫ్యావ్'. ఇక్కడ మనిషి వెనక్కి వెళ్లడం లేదు, వస్తువు వెళ్తున్నది. ఇదే మెలిక సైనిక పదజాలంలోనూ ఉంది. 'థ్వేయ్-పింగ్' అంటే సొంత సైన్యాన్ని వెనక్కి మరల్చడమూ కావచ్చు, శత్రు సైన్యం వెనుదిరిగేలా చేయడమూ కావచ్చు. తెలుగులో మరలు, మరల్చు అని క్రియ రూపమే మారిపోతుంది. చైనీస్‌లో మాట మారదు కాబట్టి కర్త ఎవరో, ఎదుట ఉన్నది ఎవరో చూసి నిర్ణయించుకోవాలి. నేను చదువుకునే రోజుల్లో మూడు రాజ్యాల కాలపు కథ ఒకదానిలో ఖాళీ కోట తలుపులు తెరిచిపెట్టి వీణ వాయిస్తూ కూర్చున్న మంత్రి తానే వెనుదిరిగాడని అనువదించాను. వెనుదిరిగింది అతణ్ణి చూసి అనుమానించిన శత్రు సేనాని.

ఇక రెండో మూలం 'ఛె'. రాతలో ఈ రెండు అక్షరాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 'థ్వేయ్'కు ఎడమవైపు నుంచి అడుగున పారే గీత నడకకు గుర్తు. 'ఛె'కు ఎడమవైపున నిలువుగా ఉన్న గీత చేతికి గుర్తు. కాలు వెనక్కి వేస్తే థ్వేయ్, చేత్తో తీసేస్తే ఛె. ఒకటి తగ్గడం, మరొకటి ఉపసంహరించడం. ఛె వెనుక ఎప్పుడూ ఒక నిర్ణయం, ఒక అధికారం ఉంటుంది. ఉద్యోగం నుంచి తొలగించడం 'ఛె-చి', న్యాయస్థానంలో వేసిన దావాను ఉపసంహరించుకోవడం 'ఛె-సూ', పంపిన సందేశాన్ని ఫోనులో వెనక్కి తీసేసుకోవడం 'ఛె-హ్వేయ్'. రెండు మూలాలూ కలిసిన 'ఛె-థ్వేయ్' అనే మాటకు ఆజ్ఞ ప్రకారం, క్రమం తప్పకుండా సైన్యం వెనుదిరగడం అని అర్థం.

మూడవ మెట్టు: వార్తల్లోని మాటలను సంఘటనలతో ముడిపెట్టుకోండి

సైనిక వార్తల్లోని మాటలు సంఘటనతో కలిపి నేర్చుకుంటేనే గుర్తుంటాయి. 'ఛె-చ్యున్' అంటే ఒక ప్రాంతం నుంచి సైన్యాన్ని పూర్తిగా ఉపసంహరించడం. కొరియా యుద్ధానికి వెళ్లిన చైనా స్వచ్ఛంద సైన్యం 1958 అక్టోబరులో పూర్తిగా తిరిగి వచ్చేయడాన్ని ఈ మాటతో చెబుతారు. 'ఛె-లీ' అంటే ప్రమాదమున్న చోటు నుంచి జనాన్నో దళాన్నో తరలించడం. విదేశంలో చిక్కుకున్న స్వదేశీయులను వెనక్కి తీసుకురావడానికి 'ఛె-ఛ్యావ్' అనే ప్రత్యేకమైన మాట ఉంది. 2011లో లిబియా నుంచి 35,000 మందికి పైగా చైనీయులను తరలించినప్పుడు ఈ మాట ప్రతి ఇంటా వినబడింది.

'హౌ-ఛె' అనే మాట మన దేశ చరిత్రకు సంబంధించినది. 1962 నవంబరు 21న చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించి, డిసెంబరు 1 నుంచి తన దళాలు 1959 నవంబరు 7 నాటి వాస్తవాధీన రేఖకు 20 కిలోమీటర్లు వెనక్కి వెళ్తాయని చెప్పింది. అలా ఉన్న చోటు నుంచి కొంత దూరం వెనక్కి జరిగి నిలవడమే హౌ-ఛె. దీనిని ఛె-చ్యున్‌తో కలపకూడదు, ఎందుకంటే వెనక్కి జరిగిన దళం ఇంటికి వెళ్లిపోదు.

ఇంకా జాగ్రత్తగా నేర్చుకోవలసినది 'థ్వో-లీ చ్యే-ఛూ'. అక్షరాలా 'తాకిడి నుంచి విడివడడం'. ఎదురెదురుగా మోహరించిన రెండు దళాలు ఒకదానికొకటి ఎడంగా జరగడమే దీని అర్థం. సైన్యం ఆ ప్రాంతంలోనే ఉండవచ్చు, ఆయుధాలు, గుడారాలు అన్నీ ఉండవచ్చు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ప్రాణాలర్పించిన తరువాతి నెలల్లో ఈ సరిహద్దు వార్తలను మనమెంత ఆత్రంగా చదివామో చెప్పనక్కరలేదు. 2021 ఫిబ్రవరి 10న పాంగాంగ్ సరస్సు ఉత్తర, దక్షిణ తీరాల్లో ఇరు దళాలూ ఎడంగా జరగడం మొదలైందని చైనా రక్షణ శాఖ ప్రకటించినప్పుడు వాడినది ఈ మాటనే. మన రక్షణ మంత్రి మరునాడు పార్లమెంటులో ఆ సంగతి వివరించారు. తెలుగులో దీనిని 'బలగాల ఉపసంహరణ' అనేయడం పరిపాటి. అలా రాస్తే సైన్యం వెళ్లిపోయిందని పాఠకుడు అనుకుంటాడు. 'ముఖాముఖి మోహరింపు నుంచి దళాలు ఎడంగా జరిగాయి' అని రాయడం కొంచెం పొడుగైనా సరైన అనువాదం. 2024 అక్టోబరులో దెప్సాంగ్, దెమ్‌చోక్ గురించి వచ్చిన వార్తలకూ ఇదే వర్తిస్తుంది.

చివరగా 'చాన్-ల్వే చ్వాన్-యీ', అంటే వ్యూహాత్మక తరలింపు. 1934 అక్టోబరులో చియాంగ్‌షీ ప్రాంతపు స్థావరాల నుంచి సుమారు 86,000 మందితో బయలుదేరిన కమ్యూనిస్టుల ఎర్రసైన్యపు ప్రధాన దళంలో ఏడాది తరువాత ఉత్తర షాన్‌షీకి చేరినది పదోవంతు కూడా లేదు. ప్రపంచం 'లాంగ్ మార్చ్' అని పిలిచే ఆ ప్రయాణం వెనుదిరగడంగానే మొదలైంది. చైనా పాఠ్యపుస్తకాల్లో మాత్రం సాధారణంగా దానికి 'తగ్గు' అనే అక్షరం అంటదు. తరలింపు అనే మాటే ఉంటుంది. ఒక సంఘటనను ఏ మాటతో పిలుస్తున్నారో చూస్తే, చెప్పేవారు దానిని ఏ దృష్టితో చూస్తున్నారో తెలిసిపోతుంది. అయితే మావో స్వయంగా వ్యూహాత్మకంగా వెనుదిరగడాన్ని 'థ్వేయ్-ఛ్వే' అని పేరుపెట్టి విస్తారంగా రాశాడు, అది సిగ్గుపడవలసిన విషయంగా చూడలేదు. గెరిల్లా యుద్ధానికి ఆయన చెప్పిన పదహారు అక్షరాల సూత్రాన్ని కంఠతా పట్టండి: 'తీ చిన్ వో థ్వేయ్, తీ చూ వో రావ్, తీ ఫీ వో తా, తీ థ్వేయ్ వో చ్వేయ్'. శత్రువు ముందుకొస్తే మనం తగ్గుదాం, ఆగితే వేధిద్దాం, అలిసిపోతే కొడదాం, తగ్గితే తరుముదాం. మొదటి పాదంలో మనం తగ్గుతాం, చివరి పాదంలో శత్రువు తగ్గుతాడు. ఒకే అక్షరం కర్త మారగానే ఎలా అర్థం మార్చుకుంటుందో చూపడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

నాలుగవ మెట్టు: సైన్యాన్ని విడిచి వచ్చినవారి మాటలు

ఇక్కడ పొరపాటు చేస్తే మనుషులు నొచ్చుకుంటారు, కాబట్టి నెమ్మదిగా చదవండి.

'థ్వేయ్-వూ'లోని 'వూ' అక్షరంలో మనిషి గుర్తు పక్కన ఐదు అంకె ఉంటుంది. ప్రాచీన చైనా సైన్యంలో ఐదుగురు సైనికుల జట్టే అన్నిటికంటే చిన్న విభాగం. ఆ ఐదుగురిలో ఒకడిగా చేరడం 'రూ-వూ', ఆ ఐదుగురి నుంచి బయటికి రావడం 'థ్వేయ్-వూ'. ఈనాటికీ సాధారణ సైనికుడు సేవ ముగించుకొని రావడాన్ని జనం ఈ మాటతోనే చెబుతారు. ఇందులో ఎక్కడా అవమానం లేదు. సేవ ముగిసే రోజున జెండాకు చివరి వందనం చేసి, భుజాల మీది హోదా చిహ్నాలను తీసివేసి, ఛాతీ మీద పెద్ద ఎర్రపువ్వు తగిలించుకొని బయలుదేరుతారు. సాటి సైనికులు కౌగిలించుకొని ఏడుస్తారు. ఆ సన్నివేశపు వీడియో ఒక్కటి చూడండి, ఈ మాటకు 'వెనుదిరుగు' అనే అర్థం ఎంత చాలదో తెలుస్తుంది.

'థ్వేయ్-యీ' అధికారిక భాషలోని మాట. 'యీ' అంటే సేవ. ఆ అక్షరంలో ఒకవైపు అడుగు గుర్తు, మరోవైపు ఆయుధం పట్టిన చేయి ఉంటాయి. సేవలో ఉండడం 'ఫూ-యీ', సేవ నుంచి తప్పుకోవడం 'థ్వేయ్-యీ'. సైనికుడికీ అధికారికీ ఇద్దరికీ ఇది వర్తిస్తుంది. 2018లో ఏర్పడిన మాజీ సైనికుల వ్యవహారాల మంత్రిత్వ శాఖ పేరులోనూ, 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన మాజీ సైనికుల రక్షణ చట్టం పేరులోనూ ఉన్నది ఈ మాటే. దీని వాడుక సైన్యంతో ఆగలేదు. బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు యావ్ మింగ్ 2011 జులైలో ఆటకు వీడ్కోలు చెప్పినప్పుడూ 'థ్వేయ్-యీ' అనే రాశారు. ఓడలకు, విమానాలకు కూడా ఇదే మాట. 2001లో నౌకాదళ సేవ నుంచి తప్పుకొని విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా నిలిచిన కుర్సురా జలాంతర్గామిని చైనీస్ మిత్రుడికి చూపించవలసివస్తే 'థ్వేయ్-యీ' అయిన జలాంతర్గామి అని చెప్పండి. 'థ్వేయ్-వూ' అనకండి, ఓడ ఐదుగురి జట్టులో ఒకటి కాదు కదా.

'చ్వాన్-యే' అంటే వృత్తి మార్చుకోవడం. సైనిక అధికారి సేవ విడిచి ప్రభుత్వం చూపిన పౌర ఉద్యోగంలో చేరడాన్ని ప్రత్యేకంగా ఇలా అంటారు. 'ఫూ-యువెన్' అంటే సైన్యం నుంచి విడుదలై మామూలు జీవితానికి తిరిగి రావడం. యుద్ధాలు ముగిశాక పెద్ద సంఖ్యలో సైనికులను ఇళ్లకు పంపిన సందర్భాల్లో ఎక్కువగా కనబడుతుంది. 'థ్వేయ్-శ్యూ' మన పదవీ విరమణ, వయసు నిండాక విశ్రాంతి. ఇరవై రెండేళ్ల కుర్రవాడు రెండేళ్ల సేవ ముగించి వస్తే 'థ్వేయ్-శ్యూ' అనడం తప్పు. దీనికి తోబుట్టువు లాంటి 'లీ-శ్యూ' అనే మాట ఒకటుంది. 1949 అక్టోబరు 1కి ముందే విప్లవ పోరాటంలో చేరినవారికి మాత్రమే వర్తించే విరమణ అది, దానికి ప్రత్యేక సౌకర్యాలుంటాయి. వృద్ధుల గురించి చదివేటప్పుడు ఈ ఒక్క అక్షరపు తేడాను అచ్చుతప్పు అనుకొని దాటిపోకండి.

ఎదురుగా ఉన్న పెద్దాయనను ఏమని ప్రస్తావించాలి? 'లావ్-పింగ్', అంటే పాత సైనికుడు. ఇందులోని 'పాత' మాటలో ఆప్యాయత, గౌరవం ఉన్నాయి. సైన్యంలో ఒక సామెత వాడతారు: శిబిరం ఇనుముతో చేసినది, సైనికులు పారే నీళ్లు. శిబిరం ఎక్కడిదక్కడే ఉంటుంది, మనుషులు ఏటేటా వస్తూ పోతూ ఉంటారని భావం.

ఐదవ మెట్టు: గౌరవంగా తప్పుకోవడాన్ని చెప్పే నుడికారాలు

నాలుగక్షరాల నుడికారాలను కథ లేకుండా నేర్చుకోవడం వృథా ప్రయాస. 'థ్వేయ్ పీ సాన్ షె' అనే దానితో మొదలుపెట్టండి. చిన్ రాజ్యపు రాకుమారుడు ఛుంగ్-అర్ పంతొమ్మిదేళ్లు ప్రవాసంలో తిరిగాడు. ఛూ రాజు అతణ్ణి ఆదరించి, దేశానికి తిరిగి వెళ్తే నాకేమిస్తావని అడిగాడు. మన సైన్యాలు ఎప్పుడైనా ఎదురుపడితే మూడు మజిలీలు వెనక్కి వెళ్తానని రాకుమారుడు మాట ఇచ్చాడు. ఒక మజిలీ, అంటే 'షె', ముప్పై లీల దూరం ('లీ' చైనీయుల దూరపు కొలత). సైన్యం ఒక రోజు నడిచే దూరం. క్రీస్తుపూర్వం 632లో ఛంగ్‌పూ వద్ద రెండు సైన్యాలూ నిజంగానే ఎదురుపడ్డాయి. అప్పటికి రాజైన ఛుంగ్-అర్ మాట ప్రకారం తొంభై లీలు వెనక్కి వెళ్లాడు. ఛూ సేనాని దానిని బలహీనత అనుకొని తరుముకొచ్చి ఓడిపోయాడు. కథలో కృతజ్ఞతా ఉంది, వ్యూహమూ ఉంది. నేటి వాడుకలో రెండూ పోయి, దేనినైనా చూసి జంకి దూరంగా తొలగడం అనే అర్థం మిగిలింది. ధర విని కొనేవారు మూడు మజిలీలు వెనక్కి వెళ్లారని మామూలుగా రాస్తారు. కాబట్టి పాత గ్రంథంలో ఒక అర్థం, నేటి పత్రికలో మరో అర్థం అని పుస్తకంలో రెండు గడులు వేసుకోండి.

'చ్యే చ్యా క్వేయ్ థ్యెన్' అంటే కవచం విప్పి పొలానికి తిరిగి వెళ్లడం. సైనిక విరమణకు ఇంతకంటే అందమైన మాట లేదు. 'కుంగ్ ఛంగ్ షన్ థ్వేయ్' అంటే పని నెరవేరాక తాను తప్పుకోవడం. దీని మూలం ప్రాచీన తత్త్వవేత్త లావోత్సే గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో ఉంది. దీనికి ఉదాహరణగా చైనీయులు చెప్పుకునేది ఫాన్ లీ కథ. యువె రాజ్యపు రాజుకు అండగా నిలిచి క్రీస్తుపూర్వం 473లో వూ రాజ్యాన్ని కూల్చాక, ఫాన్ లీ పదవులన్నీ వదిలి పడవెక్కి వెళ్లిపోయాడు. వెళ్తూ తన తోటి మంత్రికి ఉత్తరం రాశాడు: పక్షులు అయిపోతే విల్లును దాచేస్తారు, కుందేళ్లు చచ్చిపోతే వేటకుక్కను వండేస్తారు. ఆ మంత్రి వెళ్లకుండా ఉండిపోయాడు. కొంతకాలానికి రాజు అతనికి కత్తి పంపి ప్రాణం తీసుకొమ్మన్నాడు. ఈ కథ తెలిసినవాడికి ఈ నుడికారం వినయానికి ఒక అలంకారంగా మాత్రమే వినబడదు, ప్రాణం కాపాడుకునే వివేకంగా కూడా వినబడుతుంది.

'చీ ల్యూ యుంగ్ థ్వేయ్' అంటే ఉరకలేసే ప్రవాహంలో ధైర్యంగా వెనుదిరగడం. సోంగ్ వంశపు కాలంలో ఛ్యెన్ రువో-ష్వేయ్ అనే అధికారిని యౌవనంలో చూసిన ఒక వృద్ధ సన్యాసి అన్న మాట అది. ఆ అధికారి ఉన్నత పదవికి ఎదిగి, నలభై ఏళ్ల ప్రాయంలోనే వదులుకున్నాడు. మంచి స్థితిలో ఉండగానే తప్పుకున్నవారికి దీనిని వాడండి. ఓడిపోయి తప్పుకున్నవారికి వాడితే వెటకారమవుతుంది.

వెనుదిరిగే సైన్యానికి వెనుక కాపలాగా నిలవడం 'త్యెన్-హౌ'. కన్ఫ్యూషియస్ సూక్తుల్లో మంగ్ చి-ఫాన్ అనే వీరుడు ఇలా అందరికంటే చివర నిలిచి, నగర ద్వారం చేరుకున్నాక తన గుర్రాన్ని కొరడాతో కొడుతూ, నేను ధైర్యంతో వెనుక ఉండలేదు, గుర్రం నడవలేదంతే అన్నాడు. ఆ వినయాన్ని గురువు మెచ్చుకున్నాడు.

ఆరవ మెట్టు: పారిపోయే మాటలు

వీటిని త్వరగా ముగించవచ్చు, ఎందుకంటే తెలుగు మనకు చేయందిస్తుంది. సైన్యం నుంచి పారిపోయినవాడు 'థావ్-పింగ్', పోరు ముంగిట జారుకోవడం 'లిన్ చన్ థ్వో థావ్'. ఈ రెండు మాటలనూ సేవ ముగించినవారి గురించి పొరపాటున కూడా వాడకండి.

'పాయ్-పేయ్' అంటే ఓడిపోవడం. రెండో అక్షరానికి ఉత్తర దిక్కు అని అర్థం తెలిసిన విద్యార్థి తికమకపడతాడు. ఆ అక్షరాన్ని పరిశీలించండి: ఇద్దరు మనుషులు వీపుకు వీపు పెట్టి నిలబడిన బొమ్మ అది. దాని తొలి అర్థం వీపే. మనం 'వెన్ను చూపాడు' అంటాం, వారు 'పాయ్-పేయ్' అంటారు. ఈనాడు మ్యాచ్ ఓడిన జట్టుకూ ఇదే రాస్తారు, అవమానపు ఛాయ చాలావరకు పోయింది.

'సాన్-షి-ల్యూ చీ, ౘౌ వేయ్ షాంగ్ చీ', అంటే ముప్పై ఆరు ఉపాయాల్లో పారిపోవడమే ఉత్తమం. 'ౘౌ' అంటే నేటి భాషలో నడవడం. పాత భాషలో పరుగెత్తడం. దీనికి 'కాలికి బుద్ధి చెప్పడం' సరిగ్గా సరిపోతుంది. 'వూ-షి పూ శ్యావ్ పాయ్ పూ' ప్రాచీన తత్త్వవేత్త మెన్షియస్ చెప్పిన ఉపమానం. యుద్ధంలో యాభై అడుగులు పారిపోయినవాడు నూరడుగులు పారిపోయినవాణ్ణి చూసి నవ్వితే ఎలా ఉంటుందని ఆయన ల్యాంగ్ రాజు హ్వేయ్‌ను అడిగాడు. మన గురివింద గింజ సామెత దీనికి దగ్గరే గాని ఒకటి కాదు: గురివిందకు తన నలుపు తెలియదు, ఆ సైనికుడికి తాను పారిపోయిన సంగతి బాగా తెలుసు. అనువదించేటప్పుడు ఉపమానాన్ని అలాగే ఉంచడమే నాకు నచ్చుతుంది.

ఏడవ మెట్టు: గంటలు, నగారాలు

పూర్వం చైనా యుద్ధరంగంలో నగారా మోగితే ముందుకు సాగాలి, కంచు గంట మోగితే వెనక్కి రావాలి. 'మింగ్ చిన్ షౌ పింగ్' అంటే గంట మోగించి సైన్యాన్ని వెనక్కి పిలవడం. నేడు పోటీలు, సభలు ముగియడానికీ వాడతారు. 'యెన్ ఛీ శీ కూ' అంటే జెండాలు దించి నగారాలు ఆపడం. క్రీస్తుశకం 219లో చావ్ యున్ అనే సేనాని శిబిరం తలుపులు తెరిచి, జెండాలు దించి, నగారాలు ఆపించగా, మాటు ఉందేమోనని శత్రువు వెనుదిరిగాడు. ఆనాడు అది ఎత్తుగడ; నేడు చేస్తున్న పనిని చప్పుడు లేకుండా మానుకోవడం అనే అర్థంలో ఎక్కువగా వినబడుతుంది.

'తా థ్వేయ్-థాంగ్-కూ' విన్నవారు ఇదీ యుద్ధపు నగారాయే అనుకుంటారు. కాదు. ఇది న్యాయస్థానంలో మోగే నగారా, న్యాయాధికారి విచారణ ముగించి లోపలికి వెళ్లేటప్పటిది. సగంలో జంకి వెనకడుగు వేయడం దీని అర్థం. చేస్తానని ఒప్పుకొని చివరి నిమిషంలో సాకులు చెప్పే మిత్రుడికి ఇది తగిన మాట.

ఎనిమిదవ మెట్టు: సాధన

నోటుపుస్తకంలో ఒక్కో మాటకు ఒక్కో పుట కేటాయించి, ఎవరు, ఎవరి నిర్ణయం, గౌరవమా అవమానమా అనే మూడు గడులు పూరించి, కింద మీ సొంత తెలుగు వాక్యం ఒకటి రాయండి. నిఘంటువులోని వాక్యాన్ని ఎత్తిరాస్తే మాట నిలవదు. రోజుకు రెండు మాటలు చాలు. వారానికి ఒకసారి ఒక చైనీస్ వార్తను తీసుకొని, అందులో థ్వేయ్, ఛె అక్షరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పెన్సిలుతో చుట్టి, ప్రతిదానికీ వేరే తెలుగు క్రియ రాయడానికి ప్రయత్నించండి. రెండింటికి ఒకే క్రియ వస్తే, నిజంగానే అర్థం ఒక్కటా, లేక మీరు తొందరపడ్డారా అని మళ్లీ చూడండి.

నాలుక తిరిగాక, సైన్యంలో పనిచేసి వచ్చిన చైనీస్ పెద్దలెవరైనా పరిచయమైతే ఈ ప్రశ్న అడగండి: 'నిన్ నా న్యెన్ థ్వేయ్-వూ త?' మీరు ఏ సంవత్సరంలో సైన్యం నుంచి వచ్చారని అర్థం. 'నిన్' మన 'తమరు' లాంటి గౌరవవాచకం, దానిని వదలకండి. బయలుదేరే ముందు ఇంట్లో ఒకసారి పెదవుల ముందు కాగితం పట్టుకొని ఈ వాక్యం పలికి చూసుకోండి. అది ఒక్కసారే, 'థ్వేయ్' దగ్గరే కదలాలి.